ఒకే గుట్ట మీద రెండు నమ్మకాలు

తమిళనాడులోని కోవిల్‌పట్టి నుంచి శంకరన్‌కోవిల్ దారిలో ఇరవై కిలోమీటర్లు పోతే కళుగుమలై వస్తుంది. చుట్టూ నల్లరేగడి, మధ్యలో బోడి రాతిగుట్ట. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం నేర్చుకుని పెరిగినవాళ్లకు ఈ గుట్ట కొత్తదేమీ కాదు. కింద మురుగన్ గుడికి వచ్చి, దణ్ణం పెట్టుకుని బస్సెక్కేవాళ్లే ఎక్కువ. పైకి ఎక్కితే కనిపించేది మాత్రం పాండ్యుల కాలపు పనితనంలోకెల్లా గొప్పది అని నా అభిప్రాయం.

గుట్ట పైనున్న వెట్టువాన్ కోవిల్ పునాది వేసి పైకి కట్టిన గుడి కాదు. 8వ శతాబ్దంలో శిల్పులు గుట్ట నెత్తిన మొదలుపెట్టి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. చుట్టూ రాతిని పాతిక అడుగుల లోతుకు తొలిచి, మధ్యన మిగిలిన దిమ్మనే విమానంగా మలిచారు. శిఖరం, నందులు, భూతగణాలు, దక్షిణం వైపు మృదంగం వాయిస్తున్న దక్షిణామూర్తి, ఇవన్నీ పూర్తయ్యాయి. మౌనంగా బోధించే స్వామి చేతికి వాద్యం ఇచ్చిన ఆ శిల్పి ఎవరో గానీ, శాస్త్రం తెలిసినవాడే కాదు, ధైర్యం ఉన్నవాడు కూడా. కింది గోడలు, అధిష్ఠానం మాత్రం మొరటు రాయిగానే నిలిచిపోయాయి. పని ఆగిపోవడం వల్ల మనకు ఒక మేలు జరిగింది. పనివాళ్లు ఏ వరసలో చెక్కుకొచ్చారో కళ్లారా చూడొచ్చు. ఈ పద్ధతిలో పొరపాటు దిద్దుకునే వీలు లేదు. ఉలి జారి ముక్కు విరిగితే అతకడానికి మరో రాయి ఉండదు. శిఖరం మీద మొదటి దెబ్బ వేసే రోజుకే కింద గర్భగుడి ఎక్కడ రావాలో లెక్క తేలి ఉండాలి.

అదే గుట్ట మీద ఇంకాస్త నడిస్తే జైన తీర్థంకరులు బారులు తీరి కనిపిస్తారు. వంద పైచిలుకు మూర్తులు. వాటి కింద వట్టెళుత్తు లిపిలో ఎవరు చెక్కించారో, వాళ్లది ఏ ఊరో రాసి ఉంది. జైనానికి సృష్టికర్త అనే దేవుడు లేడు. శివుడి కోసం తొలిచిన చోటుకూ, లోకానికి కర్తే లేడన్నవాళ్ల మూర్తులకూ మధ్య దూరం కొద్ది నిమిషాల నడక. కాలం కూడా ఇంచుమించు ఒకటే. నమ్మకం ఎంత వేరైనా ఉలి పట్టిన చేతుల శ్రద్ధలో తేడా పట్టుకోవడం నావల్ల కాలేదు.

హిగ్స్ బోసాన్ అనే కణాన్ని దేవుడికి ముడిపెట్టే మాటలు విన్నప్పుడల్లా నేను ఈ గుట్టనే తలుచుకుంటాను. ‘దైవకణం’ అనే పేరు 1993లో భౌతికశాస్త్రజ్ఞుడు లియోన్ లెడర్‌మన్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ కణానికి ఎవరి పేరు పెట్టారో ఆ పీటర్ హిగ్స్ దేవుణ్ణి నమ్మేవాడు కాదు, ఆ ముద్దుపేరు ఆయనకు నచ్చనూ లేదు. 2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాశాలలో కణం దొరికిందని ప్రకటించగానే, మన దగ్గర కొందరు ‘ప్రహ్లాదుడు చెప్పిన సర్వాంతర్యామి ఇదే’ అన్నారు, మరికొందరు ‘ఇక దేవుడితో పని లేదు’ అన్నారు. ఈ రెండు మాటల సందడిలో పని ఎలా జరిగిందో చెప్పేవాళ్లు తక్కువైపోయారు. నాకు బాధ కలిగించేది అదే.

ఆ పని గురించి కొంచెం చెప్పుకుందాం. భూమి అడుగున 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగం. ప్రోటాన్లను వంపు తిప్పడానికి అందులో 1232 పెద్ద అయస్కాంతాలు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, దాదాపు 35 టన్నుల బరువు. ఒక్కోదాన్ని మూడు జాకీలు మోస్తాయి. ఆ జాకీలు మన దేశంలో తయారయ్యాయి. ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఆ పని నడిపింది, దాదాపు ఏడు వేల జాకీలు పంపింది. 35 టన్నుల ఇనుమును ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడా లేకుండా అనుకున్న చోట నిలబెట్టడం వాటి పని. కణం గురించి పేపర్లలో పేజీలకు పేజీలు వచ్చాయి. ఈ జాకీల గురించి మన పిల్లలకు చెప్పినవాళ్లు ఎందరు?

ఇక స్ఫటికాలు. ఆ సొరంగంలో ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే హిగ్స్ కణం పుట్టీపుట్టగానే విచ్ఛిన్నమవుతుంది. వెయ్యింట రెండు సార్లు మాత్రమే రెండు కాంతికణాలుగా విడిపోతుంది. వాటి శక్తిని కొలవడానికి సీఎంఎస్ అనే పరికరంలో 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు అమర్చారు. చూడ్డానికి గాజుకడ్డీ, చేత్తో ఎత్తితే ఉక్కు కన్నా బరువు. ఒక్కో కడ్డీని పెంచడానికి రెండేసి రోజులు. రష్యా, చైనాల్లోని కొలిమిల దగ్గర ఏళ్ల తరబడి జరిగిన పని ఇది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్న పనితనం ఇనుములోనూ లేదు, స్ఫటికంలోనూ లేదు. 2012లో సీఎంఎస్ శాస్త్రజ్ఞులు తమ కళ్లకు తామే గంతలు కట్టుకున్నారు. కణం ఉండొచ్చని అనుమానమున్న భాగంలోని కొత్త లెక్కల్ని తామే దాచిపెట్టుకున్నారు. ఏ సంఘటనలను లెక్కలోకి తీసుకోవాలి, ఏవి వదిలెయ్యాలి అన్న నియమాలన్నీ ముందే ఖాయం చేసుకుని, జూన్ నెలలో తెర తీశారు. కావాలనుకున్నది కనిపించేలా చూపు తనను తానే మోసం చేసుకుంటుందని వాళ్లకు తెలుసు. మరోవైపు అట్లాస్ పరికరం వాళ్లు వేరే పద్ధతిలో, వేరే లెక్కలతో అదే వెతుకుతున్నారు. కణమే లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అంత గుర్తు కనిపించే అవకాశం 35 లక్షల్లో ఒకటికి మించకూడదని గీత గీసుకున్నారు. ఇద్దరూ ఆ గీత దాకా వచ్చాకే ప్రపంచానికి చెప్పారు.

ఆ గీత ఊరికే గీసుకున్నది కాదు. 2015 డిసెంబరులో 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే కొలత) దగ్గర రెండు పరికరాల్లోనూ మరో కణం ఉందేమో అనిపించేలా ఒక చిన్న ఉబ్బు కనిపించింది. దాన్ని వివరిస్తూ వందల పరిశోధన పత్రాలు వచ్చాయి. 2016 ఆగస్టు నాటికి మరిన్ని లెక్కలు చేరేసరికి ఆ ఉబ్బు మాయమైంది. శాస్త్రజ్ఞులు అందరి ముందే ఆ మాట చెప్పి ముందుకు సాగారు.

మరి నమ్మకం సంగతేమిటి? దీనికి జవాబు ఆ సిద్ధాంతం పుట్టిన తీరులోనే ఉంది. హిగ్స్ ఆలోచనను ఆధారం చేసుకుని విద్యుదయస్కాంత బలాన్నీ, బలహీన బలాన్నీ ఒకే తాటి మీదికి తెచ్చినవాళ్లు ఇద్దరు. స్టీవెన్ వీన్‌బర్గ్ 1967లో, అబ్దుస్ సలామ్ 1968లో, ఎవరికివారు విడిగా రాశారు. వీన్‌బర్గ్ బాహాటంగా నాస్తికుడు. సలామ్ నిష్ఠగల ముస్లిం, 1979లో నోబెల్ విందులో ఖురాన్ వాక్యాలు చదివినవాడు. ఇద్దరి కాగితాల మీదా తేలిన సిద్ధాంతం ఒక్కటే. ఒకరి నమ్మకం గానీ మరొకరి అపనమ్మకం గానీ అందులో ఒక్క గుర్తును కూడా మార్చలేదు. మరో శాస్త్రజ్ఞుడు షెల్డన్ గ్లాషోతో కలిపి ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు. కళుగుమలై మీద నేను చూసింది ఇక్కడా అదే.

కాబట్టి హిగ్స్ కణం దేవుడికి సాక్ష్యమూ కాదు, దేవుడి మీద అభియోగమూ కాదు. అన్నిటికీ బరువు ఇచ్చేది అదే అన్న మాట కూడా సరికాదు. ఎలక్ట్రాన్లకు, క్వార్కులకు ద్రవ్యరాశి హిగ్స్ క్షేత్రం వల్లే వస్తుంది, నిజమే. కానీ మన ఒంటి బరువులో దాని వాటా నూటికి ఒక వంతో, కొంచెం అటూ ఇటూనో. మిగతాది ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల క్వార్కులను బంధించి ఉంచే శక్తి నుంచి వస్తుంది. సర్వాంతర్యామి అనే భావన ఇంతకన్నా ఎంతో పెద్దది, దాన్ని ఈ ఒక్క శాతానికి కుదించడం భక్తికే చిన్నతనం. 2004లో భారత ప్రభుత్వం కానుకగా ఇచ్చిన రెండు మీటర్ల నటరాజ విగ్రహం సెర్న్ ఆవరణలో ఉంది. అది చూసి మనం సంతోషించవచ్చు, కానీ అది రుజువు కాదు. బిగ్ బ్యాంగ్ ఆలోచనకు ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ మతగురువే. 1951లో పోప్ 12వ పయస్ ఆ సిద్ధాంతంలో సృష్టికి సాక్ష్యం చూసినప్పుడు, ఆ రెంటినీ కలపడం లెమైత్ర్‌కు నచ్చలేదు.

గుళ్లో ప్రవచనం చెప్పే పెద్దలకూ, హేతువాద సభల్లో మాట్లాడే మిత్రులకూ నా మనవి ఒక్కటే. కణం పేరు ఎత్తితే దాన్ని పట్టుకున్న పని గురించి కూడా చెప్పండి. జాకీల గురించి, స్ఫటికాల గురించి, కావాలని కట్టుకున్న గంతల గురించి చెప్పండి. దేవుడి ఉనికిని హిగ్స్ కణం ద్రవ్యరాశి అయిన 125 జీఈవీ అనే అంకెకు తగిలించకండి, ఆ అంకెతో దేవుణ్ణి కొట్టిపారెయ్యకండి. 750 దగ్గర కనిపించిన ఉబ్బుకు ఎవరైనా తమ నమ్మకాన్ని తగిలించి ఉంటే, ఎనిమిది నెలలకే దాన్ని దించుకోవలసి వచ్చేది.