పరుగు టైం వాచీకి ఎంత తెలుసు?

పరుగు వాచీలో రేస్ ప్రెడిక్టర్ అని ఒకటుంటుంది. 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్, మారథాన్: నాలుగింటికీ మీకు ఎంత టైం పడుతుందో ముందే చెప్పేస్తుంది. నమ్మొచ్చా అంటే, దూరం పెరిగేకొద్దీ నమ్మకం తగ్గించుకోమంటాను.

వాచీ మన కాళ్లను చూడదు. మణికట్టు మీద ఆకుపచ్చ వెలుగు వేసి నాడిని లెక్కపెడుతుంది, జీపీఎస్‌తో వేగం కొలుస్తుంది. ఈ వేగానికి గుండె ఇంతే కొట్టుకుంటోంది కాబట్టి ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి, అదే వీఓటూ మ్యాక్స్, ఇంత ఉండాలని అంచనా కడుతుంది. గార్మిన్ వాచీల్లో ఈ లెక్క ఫిన్లాండ్‌లోని ఫస్ట్‌బీట్ అనలిటిక్స్ వాళ్లది. ఆ సంస్థను 2020లో గార్మిన్ కొనేసింది. కొత్త మోడళ్లు మన సాధన చరిత్రనూ కలుపుకుంటున్నాయి. అయినా పునాది నాడే. పట్టీ వదులైతే కొన్నిసార్లు అడుగుల లయనే నాడి అనుకుంటుంది. గరిష్ఠ నాడిని 220లోంచి వయసు తీసేసి వేసుకున్నా, ఒకే వయసువాళ్లలో పది అటూ ఇటూ ఉండటం మామూలే.

మా కళ్యాణదుర్గం మెట్టలో ఇంకో చిక్కుంది. ఏప్రిల్ ఎండకు అదే వేగంలో గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీ మన శక్తి తగ్గిందనుకుంటుంది. డిసెంబరు చలికి, కొత్తగా ఏమీ చేయకపోయినా, అంచనా మెరుగవుతుంది. ఫోన్ నుంచి వాతావరణం తీసుకునే మోడళ్లు 22 డిగ్రీలు దాటితే కొంత సర్దుకుంటాయి. గాలి సంగతి ఆ సర్దుబాటులో రాదు. ఆషాఢంలో పడమటి గాలికి ఎదురుగా రాయదుర్గం రోడ్డు మీద పరిగెత్తి చూడండి, తెలుస్తుంది.

వాచీలు రాకముందూ ఈ లెక్కలున్నాయి. పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో ఒక సూత్రం ఇచ్చాడు: దూరం రెట్టింపైతే టైం రెండింతలు కాదు, సుమారు 2.085 రెట్లు. 10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో పరిగెత్తేవాడికి ఆ లెక్కన మారథాన్ 3 గంటల 50 నిమిషాలు, అంటే 230 నిమిషాలు. రీగెల్ తన సూత్రానికి పెట్టిన పై హద్దు సరిగ్గా అదే. అంతకన్నా నెమ్మదిగా పరిగెత్తే మనలాంటి చాలామందిమి ఆ హద్దు అవతలే ఉన్నాం. 2016లో వికర్స్, వెర్టోసిక్ అనే పరిశోధకులు పరిశీలిస్తే, హాఫ్ మారథాన్ దాకా సూత్రం బాగానే పనిచేసింది. మారథాన్‌కొచ్చేసరికి సగం మందికి కనీసం 10 నిమిషాలు తక్కువ చేసి చెప్పింది. 30 కిలోమీటర్లు దాటాక కాళ్లను నడిపేది వారాల తరబడి చేసిన దూరపు పరుగులు. వీఓటూ మ్యాక్స్ ఒక్కటే అక్కడ చాలదు. ఆగస్టు ఉక్కపోతలో, ఫ్లైఓవర్లెక్కుతూ దిగుతూ సాగే హైదరాబాద్ మారథాన్‌కు వాచీ చెప్పిన వేగంతో బయలుదేరకండి.

మన దగ్గర ఈ అంచనా ఎక్కువ అవసరమయ్యేది మారథాన్ వాళ్లకు కాదు, ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పోస్టులకు సిద్ధమయ్యే పిల్లలకు. "అన్నా, ఐదు కిలోమీటర్లకు ఇరవయ్యారు నిమిషాలు చూపిస్తాంది, పాసవుతానా?" అంటారు. మగపిల్లలకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలకు పదిన్నర నిమిషాల్లో పూర్తి కావాలి. రీగెల్ లెక్కన 26 నిమిషాలంటే 1600 మీటర్లకు 7 నిమిషాల 46 సెకన్లు. గడువుకు మిగిలింది 14 సెకన్లు. వాచీ అంచనా నూటికి ఐదు తప్పితే 23 సెకన్లు పోతాయి. ఉద్యోగం ఆ తేడాలోనే ఉంది. ఆర్మీ ర్యాలీలో అదే దూరానికి పూర్తి మార్కులు తెచ్చే 5 నిమిషాల 30 సెకన్ల గీటు ఇంకా కఠినం.

అందుకే వాచీ కోసం అప్పు చేయకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. గ్రౌండులో టేపు పెట్టి 400 మీటర్లు కొలవండి. నేస్తం చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి, రెండు వారాలకోసారి నాలుగు రౌండ్లు పూర్తి దమ్ముతో పరిగెత్తండి. ఆ టైం రాసిపెట్టుకోండి. సెలెక్షన్‌లో వచ్చే టైంకు ఏ వాచీ అంచనా కన్నా అదే దగ్గరగా ఉంటుంది.