విఠల్‌రావు గజల్ ఎవరి సొత్తు?

గజల్ గాయకుడు విఠల్‌రావు పేరెత్తగానే ‘నిజాం దర్బారు గాయకుడు’ అని పక్కన పెట్టడం మనలో కొందరికి అలవాటు. ఈ అంచనా అసమగ్రమని నా అభిప్రాయం.

ఆయన బేగంబజార్ పక్కనున్న గోషామహల్ బిడ్డ. మన మొజంజాహీ మార్కెట్టుకు పేరిచ్చిన నిజాం కుమారుడు మొజంజా కొలువులో చిన్న వయసులోనే పాడిన మాట నిజమే. కాని 1948లో నిజాం పాలన అంతరించింది. ఆ పాట అంతరించలేదు. ఇళ్ళలో జరిగే మెహఫిళ్ళూ, శిష్యులూ దాన్ని నిలిపారు. పోషకుడు పోయినా కళ బతికిందంటే దాని వేళ్ళు కొలువులో మాత్రమే లేవన్నమాట.

రూపాన్ని చూద్దాం. గజల్‌లో షేర్ అంటే రెండు పాదాలు. గాయకుడు మొదటి పాదాన్ని ప్రతిసారీ కొత్త అర్థచ్ఛాయతో తిప్పితిప్పి పాడతాడు. శ్రోత రెండో పాదం కోసం ఎదురుచూస్తాడు. అది అందగానే సభంతా ‘వాహ్’ అంటుంది. శ్రోత పాలుపంచుకోనిదే నడవని ఈ కళను దర్బారుకే రాసిచ్చేద్దామా? తెలంగాణ పోరాట నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ గజళ్ళు రాశారు. దాశరథి, సినారె గజల్‌ను తెలుగు చేశారు.

బేగంబజార్‌లో కాపురముంటూ తెలుగు పాఠాలు చెప్పే నేను గజల్ లక్షణాలను నల్లబల్ల మీద రాశానే గాని, పక్కపేట గాయకుణ్ణి పిల్లలకు ఒక్కసారీ వినిపించలేదు. 2015లో షిర్డీలో తప్పిపోయిన ఆయన ఆ ఏడాదే హైదరాబాదులో కన్నుమూశారు. ఉర్దూ మనది కాదనుకోవడమే నా తప్పుకు మూలం. దర్బారును నిరసిద్దాం, ఆ గొంతును మాత్రం దానికి ధారాదత్తం చేయవద్దు.