ఉలి బతికితేనే గుడి బతుకుతుంది

2024లో రెండు పాత కట్టడాలు మళ్లీ జనానికి దక్కాయి. మార్చి 8న, మహాశివరాత్రి నాడు, హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం. డిసెంబరు 7న పారిస్‌లో నోత్రదామ్ చర్చి. మొదటిదాన్ని విప్పి తిరిగి నిలబెట్టడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. రెండోది కాలి, కూలి, మళ్లీ లేవడానికి ఆరేళ్లు కూడా పట్టలేదు. ఒమాన్‌లోని మా రుసైల్ పారిశ్రామికవాడలో ఏ కార్మికుల క్యాంపుకైనా వెళ్లి తెలుగువాళ్లను అడగండి. నోత్రదామ్ కాలిందని తెలియనివాడు ఉండడు. కల్యాణమండపం లేచిందని తెలిసినవాడు దొరికితే, అతనిది ఓరుగల్లు చుట్టుపక్కలే అయి ఉంటుంది. ఈ వ్యాసానికి ఆ తేడా మీది కోపమే మూలం.

ముందు పారిస్ పనివాళ్లకు దండం పెట్టాలి. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం ఆ చర్చి పైకప్పు తగలబడి, వయొలె ల ద్యూక్ పందొమ్మిదో శతాబ్దంలో నిలబెట్టిన శిఖరం విరిగిపడింది. ఆ పైకప్పు కింద ఓక్ దూలాల చట్రం ఉండేది. పన్నెండు, పదమూడో శతాబ్దాల పని. అన్ని దూలాలు కాబట్టి దాన్ని ‘అడవి’ అనేవాళ్లు. అది బూడిదయ్యాక సలహాలు వెల్లువెత్తాయి. గాజు కప్పు వేద్దామన్నారు, పైన తోట పెంచుదామన్నారు. ప్రధాన వాస్తుశిల్పి ఫిలిప్ విల్నవ్ ఒకే మాట మీద నిలబడ్డాడు: ఎలా ఉండేదో అలాగే, ఆ కర్రతోనే, ఆ పనితోనే. 2020 జులైలో ఆ మాటే నెగ్గింది. అదృష్టం ఏమిటంటే 2014లోనే ఫ్రొమాం, ట్రాంతెసో అనే ఇద్దరు ఆ చట్రాన్ని దూలం దూలం కొలిచి గీసి పెట్టారు. కొలత ఉంది. దాన్ని కర్రగా మార్చే చేతులు కావాలి. అవీ ఉన్నాయి. అసలు గొప్ప అక్కడుంది.

ఆ చేతులు చేసిన పని చూడండి. సుమారు 2,000 ఓక్ చెట్లు. కప్పు చట్రానికి పచ్చి దుంగనే తీసుకున్నారు. రంపపు మిల్లుకు పంపలేదు, గొడ్డలితో నాలుగు పక్కలా చెక్కారు. మిల్లు రంపం చెట్టు నారను చూడదు, తనకు కావలసిన గీత మీద కోసేస్తుంది. గొడ్డలి నార వెంట నడుస్తుంది. చెట్టు కాస్త వంగి ఉంటే దూలమూ అంత వంగి ఉంటుంది, చేవ మాత్రం నడుమనే ఉండిపోతుంది. తర్వాత నేల మీద నిజపరిమాణంలో బొమ్మ గీసి, దాని మీద దూలాలు ఒకదానిపై ఒకటి పేర్చి, తూకం గుండు వేలాడదీసి, ఒక్కో అతుకునూ దాని పక్కదానికే సరిపోయేలా గుర్తించి కోస్తారు. ఒక దూలం చోట ఇంకో దూలం పట్టదు. ఇనుప మేకులకు పని లేదు, ఓక్ చీలలే బిగింపు. ఇలా గీత గీసే విద్యను యునెస్కో 2009లోనే మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ‘సరిహద్దుల్లేని వడ్రంగులు’ అనే బృందం 2020 సెప్టెంబరులో చర్చి ముంగిట్లోనే ఒక చట్రాన్ని చేత్తో చెక్కి, తాళ్లతో లేపి, నిలబెట్టి చూపించింది. ‘ఈ కాలంలో ఎవరు చేస్తారు?’ అన్న నోళ్లన్నీ ఆ రోజుతో మూతపడ్డాయి. శిఖరం తిరిగి 96 మీటర్ల ఎత్తుకు లేచింది.

ఈ వడ్రంగులు మంటలు ఆరాక పుట్టలేదు. బుర్గుండీలోని గెదెలోం అనే చోట 1997 నుంచి పదమూడో శతాబ్దపు పనిముట్లతోనే ఒక కోట కడుతున్నారు. ఎందుకయ్యా ఈ పిచ్చి అని నవ్వినవాళ్లు నవ్వారు. అక్కడ గొడ్డలి తిప్పడం నేర్చినవాళ్లూ నోత్రదామ్‌కు అక్కరకొచ్చారు. ప్రమాదం రాకముందే పనివాణ్ని పోషించుకున్న దేశం అది.

ఇక మన మండపం. వేయిస్తంభాల గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు, మూడు గర్భగుళ్ల త్రికూటం. దానికి దక్షిణాన ఈ కల్యాణమండపం. తుగ్లక్ దండు విధ్వంసం చేసిందని అంటారు. కాలమూ తన వంతు చేసింది. పునాది కుంగి స్తంభాలు ఒరిగిపోతే 2006లో పురావస్తు శాఖ మొత్తం విప్పింది. ప్రతి రాయికీ నంబరు వేసి పేర్చిపెట్టింది.

ఇన్ని వందల ఏళ్లకు కుంగినా, ఈ పునాదే కాకతీయుల ఘనత. పెద్ద గొయ్యి తీసి, ఇసుక నింపి, తడిపి, దిమ్మిస కొట్టి, దాని మీద కట్టడం లేపారు. చుట్టకుదురు మీద కుండ కూర్చున్నట్టు మండపం ఇసుక మీద కూర్చుంటుంది. నేల కదిలితే ఆ కుదుపును ఇసుక మింగుతుంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి అదే తీరు పునాది మీద ఎనిమిది వందల ఏళ్లు దాటింది. అక్కడ శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గించారు, కింద మెత్తదనం పెట్టారు. ఇంతకంటే తెలివైన ఇంజనీరింగ్ ఏ కాలేజీలో చెప్తారో చెప్పండి. వరంగల్ ఎన్‌ఐటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ పాండురంగారావు గారు కాకతీయ హెరిటేజ్ ట్రస్టు తరఫున ఈ ఇసుక పునాది విద్యను ఊరూరా, సభ సభలో చెప్పకపోతే, మనవాళ్లు ఏ కాంక్రీటు దిమ్మో పోసి చేతులు దులుపుకునేవాళ్లని నా నమ్మకం. 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు రావడంలోనూ ఆ ట్రస్టు చెమట ఉంది.

రాతిపని దగ్గరికొద్దాం. రామప్ప మదనికలను చెక్కిన నల్లరాయి డోలరైట్. ఉలి తగిలితే నిప్పురవ్వలు రాల్చే రాయి. దాని మీద కాకతీయ శిల్పి నగల పూసలు ఒక్కొక్కటీ విడదీసి చెక్కాడు. ఒక మదనిక కాలికి ఎత్తుమడమల పాదుక తొడిగాడు, నడుము ఒంపులో బట్ట మడత చూపించాడు. చివరికి రాతికి అద్దంలా మెరుగు పెట్టాడు. ఇక కల్యాణమండపం స్తంభాలు ఏకశిలలు కావు. పీట, కాండం, పైదిమ్మె వేరువేరుగా చెక్కి, ఒకదాని బొడిపెను ఇంకోదాని గుంటలో కూర్చారు. సున్నం లేదు, జిగురు లేదు, పైనున్న దూలం బరువే బిగింపు. బొడిపె ఒక నూలు తక్కువైతే స్తంభం ఆడుతుంది, ఎక్కువైతే రాయి పగులుతుంది. విప్పిన స్తంభాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఆ పాత గుంటను చదవగలిగినవాడే పనివాడు. పోయిన రాళ్ల చోట కొత్త రాయి చెక్కి పాతదానిలో ఇమడ్చడం ఇంకా కష్టం.

నేను రోజూ చూసే రుసైల్‌లో చలువరాయి కోసే యంత్రాలున్నాయి. నీళ్లు చిమ్ముకుంటూ పలకలు కోసిపడేస్తాయి, కంప్యూటర్‌లో బొమ్మ పెడితే జాలీ చెక్కేస్తాయి. వాటి దగ్గర పనిచేసేవాళ్లలో మన శిల్పుల ఇళ్ల పిల్లలూ ఉన్నారు. అలాంటి ఇంటి పెద్దాయన ఒకాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, మధ్యాహ్నం విరామంలో పలకల వరస మీద సుత్తి తిరగేసి తడుతూ పోయేవాడు. కంగుమన్న పలక దగ్గర ఆగేవాడు కాదు. బొంగురుగా మోగిన పలక మీద చెయ్యి పెట్టి, ‘ఇదిగో బాబూ, లోపల నెర్రె ఉంది, చెవిపెట్టి విను’ అనేవాడు. ఆ పలకను మిషన్ ఎక్కిస్తే అక్కడే విరిగేది. శిల్పశాస్త్రం రాయిని నాదం బట్టి స్త్రీశిల, పురుషశిల, నపుంసకశిల అని విడదీసింది కదా, ఆయన ఆ పుస్తకం చదవలేదు, తండ్రి చేతి కింద విన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులకూ ఉలి పట్టడం రాదు. కూలి గిట్టని పని కొడుకులకెందుకని ఆయనే నేర్పలేదట. కల్యాణమండపం నిలబెట్టడానికి తమిళనాడు నుంచి స్థపతినీ శిల్పులనూ పిలవాల్సి వచ్చిందంటే కారణం ఇంకెక్కడో వెతకక్కర్లేదు. వచ్చినవాళ్లకు వెయ్యి దండాలు. మనకు సిగ్గు మాత్రం మిగలాలి.

మనకు చేతకాదా అంటే ఎందుకు కాదు? శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టింది మనమే. గణపతి స్థపతి చెక్కిన హుస్సేన్‌సాగర్ బుద్ధుడు, వందల టన్నుల ఏకశిల, 1990లో నీట మునిగితే పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టాం. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి టేకు రథం రాత్రికి రాత్రి బుగ్గయితే, మరుసటి ఫిబ్రవరి కల్యాణోత్సవాలకు కొత్త రథం సిద్ధమైంది. ఆ వడ్రంగుల పేర్లు ఎవరైనా అడిగారా?

కానీ చాలాచోట్ల జరిగేది చూస్తే కడుపు మండుతుంది. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన రాజగోపురం పగుళ్లిచ్చి, అందరూ చూస్తుండగానే 2010 మే 26న కుప్పకూలింది. 2017 నాటికి కొత్తది లేచింది, నిజమే. రాయల కాలపు గోపురం మాత్రం తిరిగి రాలేదు. పగులు కనబడ్డనాడే కట్టు కట్టే విద్య మన దగ్గర పనిలో ఉండి ఉంటే ఆ కథ వేరు. రామప్ప ఆవరణలోని కామేశ్వరాలయాన్ని విప్పి నంబర్లేసిన రాళ్లు పదేళ్లు దాటాకే మళ్లీ పేర్పుకు నోచుకున్నాయి. ఇక పల్లె గుళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నల్లరాతి స్తంభానికి ఎనామిల్ పెయింటు. ముఖమండపంలో బాత్రూము టైల్సు. సున్నం గీకాలని ఇసుక చిమ్మే యంత్రం పెడితే శిల్పం ముక్కూ చెవులూ దానితోపాటే పోతాయి. అచ్చుల్లో పోసిన సిమెంటు దేవతలందరికీ ఒకే ముఖం. దీన్ని జీర్ణోద్ధరణ అంటారు! నా లెక్కలో ఇది రెండోసారి విధ్వంసం. తుగ్లక్‌ను తిట్టే నోటికి ఈ పెయింటు డబ్బాను తిట్టే హక్కూ ఉండాలి.

తప్పు దిద్దుకోవడం ఎలాగో ఒమాన్‌లోనే చూడొచ్చు. రుసైల్ నుంచి నిజ్వా రోడ్డు పట్టుకుని వెళితే నిజ్వా దాటాక బహ్లా మట్టికోట వస్తుంది. 1987లో యునెస్కో జాబితాకెక్కి, మరుసటేడే ప్రమాదంలో ఉన్న వాటిలో చేరింది. మొదట్లో నప్పని సామగ్రితో మరమ్మతు చేసి చెడగొట్టారు. 1995 నుంచి మట్టిపని నేర్చినవాళ్లను తయారుచేసుకుని, మట్టితోనే కట్టారు. 2004లో ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు. సిమెంటుకు డబ్బు లేక కాదు, చమురు దేశం ఇది. మట్టికోటకు మట్టే మందు అని తెలుసుకున్నారు. మస్కట్ వైపు వెళ్తే 2001లో తెరిచిన సుల్తాన్ ఖాబూస్ మసీదు ఉంది. దానికి 3 లక్షల టన్నుల ఇసుకరాయి మన ఇండియా నుంచే వచ్చింది. పరాయిదేశం మన రాయికి ఇచ్చే విలువ మన ఊళ్లో మన రాయికి లేదు.

కాబట్టి అడగవలసినవి గట్టిగా అడుగుదాం. పాత గుడి పనికి తక్కువ ధర వేసినవాడికే టెండరు అనే పద్ధతి పోవాలి, పని తెలిసినవాడికే పని దక్కాలి. తిరుపతిలో తితిదే నడిపే శిల్పకళాశాల పిల్లలు పట్టా పుచ్చుకుని ఉద్యోగాల వేటలో తిరగకూడదు. కామేశ్వరాలయం లాంటి పని దగ్గర పెద్ద శిల్పుల పక్కన, నెలజీతం మీద నిలబడాలి. ఆళ్లగడ్డ, దుర్గి శిల్పులకు బొమ్మల ఆర్డర్లే కాదు, పునరుద్ధరణ పనీ ఇవ్వాలి. నోత్రదామ్‌కు ప్రపంచం నలుమూలల నుంచి 3 లక్షల 40 వేల మంది డబ్బు పంపారు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనం ఊరి గుడికి పంపే డబ్బు పెయింటుకూ టైల్సుకూ పోతోంది. ఈసారి పంపేటప్పుడు ఒక షరతు పెట్టండి: ఈ సొమ్ముతో ఒక కుర్రాడు ఒక స్థపతి దగ్గర ఏడాది ఉలి నేర్చుకోవాలి, వాడి తిండికీ కూలికీ ఇది చాలాలి. కమిటీవాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి. ఇంకో గోపురం పగుళ్లిచ్చిన రోజున ఊరికి కావలసింది శిలాఫలకం మీద మన పేరు కాదు, ఆ కుర్రాడు.