భూగర్భంలో దొరకని జ్ఞానం: గ్రెగ్ గ్రాఫిన్ రచనలపై ఒక క్రైస్తవ పరిశీలన

1. పరిచయం

మన సంఘాలలో రాక్ సంగీతం ప్రస్తావన వస్తే అది చాలావరకు యౌవనస్థులకు చేసే హెచ్చరికగానే ఉంటుంది. నాస్తికత్వం ప్రస్తావన వచ్చినా అంతే. ఈ రెండూ ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు అతని మాట వినవలసిన పని లేదనుకోవడం సులభం. అయితే అమెరికా గాయకుడు, జీవశాస్త్ర పరిశోధకుడు, గ్రంథకర్త అయిన గ్రెగ్ గ్రాఫిన్‌ను అలా తోసివేస్తే మనకే నష్టమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆయన లేవదీసిన ప్రశ్నలు రామగుండం, గోదావరిఖని సంఘాలలో ఇంటర్మీడియట్ చదివే పిల్లల ప్రశ్నలే. ఆయన వాటిని బాహాటంగా అడిగాడు. మన పిల్లలలో కొందరు అడగకుండానే ఆరాధనకు రావడం మానివేస్తున్నారు.

ఆయన రచనలలో మనం స్వీకరించదగినది ఏమిటి, ఆయన వాదన ఎక్కడ నిలవడం లేదు అనే రెండు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

2. గ్రంథకర్త

గ్రాఫిన్ 1964లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జన్మించాడు. ఆయన తల్లి తరపు పూర్వికుల్లో ఇ. ఎం. జెర్ అనే సువార్తికుడున్నాడు. ఆ సువార్తికుడు బైబిలు అంతటికీ వ్యాఖ్యానం వ్రాశాడు. అటువంటి వంశంలో పుట్టిన గ్రాఫిన్ మాత్రం పదిహేనేళ్ల ప్రాయంలో, 1980 ప్రాంతంలో, లాస్ ఏంజెలెస్‌లో మిత్రులతో కలిసి ‘బ్యాడ్ రెలిజియన్’ అనే బృందాన్ని స్థాపించాడు. ఆ పేరుకు ‘చెడ్డ మతం’ అని అర్థం. సిలువను అడ్డగీతతో కొట్టివేసినట్లు చూపే బొమ్మ ఆ బృందం గుర్తు. వారిది రాక్ సంగీతంలో ‘పంక్’ అనే శాఖ. పాట చిన్నది, లయ వేగమైనది, మాట నిరసన. గద్దర్, జననాట్యమండలి పాటలు విన్న బొగ్గు గనుల ప్రాంతానికి నిరసన పాట కొత్త కాదు గనుక ఈ ధోరణిని మనం అర్థం చేసుకోగలం.

పాడుతూనే ఆయన చదువు కొనసాగించాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివి, వెన్నెముకగల ప్రాచీన జీవుల శిలాజాలపై పరిశోధించాడు. 2003లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం ప్రొవైన్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందాడు. చైనాలో దొరికిన ఒక ప్రాచీన పక్షి శిలాజానికి 2011లో శాస్త్రవేత్తలు ఆయన పేరు కలిపి ‘కిలియానియా గ్రాఫినై’ అని నామకరణం చేశారు.

‘క్వీన్’ బృందంలోని బ్రయాన్ మే కూడా 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. అయితే మే విషయంలో పాట, ధూళి మేఘాలపై పరిశోధన పక్కపక్కనే నడిచాయి. గ్రాఫిన్ విషయంలో పాట, పరిశోధన, పుస్తకం మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. దేవుడు లేకుండా జీవితాన్ని అర్థం చేసుకోగలమా అన్నదే ఆ ప్రశ్న.

3. ముఖ్య రచనలు

మొదటిది 2006లో వెలువడిన సంభాషణ గ్రంథం. దేవునియందలి విశ్వాసం మంచిదా, చెడ్డదా, అనవసరమా అని దాని శీర్షికే ప్రశ్నిస్తుంది. ఇది గ్రాఫిన్‌కూ, ప్రెస్టన్ జోన్స్ అనే క్రైస్తవ చరిత్ర అధ్యాపకునికీ మధ్య ఈ-మెయిల్‌లో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాల సంకలనం. ప్రచురించినది ఇంటర్‌వర్సిటీ ప్రెస్ అనే సువార్తిక సంస్థ కావడం గమనించదగినది.

రెండవది పరిణామ శాస్త్రవేత్తల విశ్వాసాలపై గ్రాఫిన్ జరిపిన సర్వే. దాని ఫలితాలను ఆయన, ప్రొవైన్ కలిసి 2007లో ‘అమెరికన్ సైంటిస్ట్’ పత్రికలో ప్రకటించారు.

మూడవది స్టీవ్ ఓల్సన్‌తో కలిసి వ్రాసిన ‘అనార్కీ ఎవల్యూషన్’ (2010). ఇందులో ఆయన ప్రకృతి వరణాన్నీ, నాస్తికత్వాన్నీ కూడా విగ్రహాలుగా చేసికొనరాదని హెచ్చరించి, తనను నాస్తికుడు అనడం కన్నా ప్రకృతివాది అనడం సరియైనదని చెబుతాడు. ఏది నమ్మడం లేదో చెప్పే పేరు కన్నా ఏది నమ్ముతున్నాడో చెప్పే పేరు మేలని ఆయన ఉద్దేశం.

4. విమర్శ

(అ) సంభాషణా పద్ధతి. 2006 గ్రంథంలో ఎవరూ ఎవరినీ ఓడించరు, ఎవరూ మారుమనస్సు పొందరు. మన సాక్ష్య సాహిత్యానికి అలవాటుపడిన పాఠకునికి ఇది వెలితిగా తోచవచ్చు. అయినా పౌలు ఏథెన్సులో అన్యుల కవులను ఎరిగి మాట్లాడాడని మరువరాదు (అపొ. 17). జోన్స్ కూడా ఎదుటివాని పాటలు విని, చదివి, ఆ తరువాతే మాట్లాడాడు. ఈ క్రమాన్ని మన కాపరులు నేర్చుకోవాలి.

శీర్షికలోనే ఒక లోపముంది. మంచిదా, చెడ్డదా, అనవసరమా అన్నది ప్రయోజనాన్ని గురించిన ప్రశ్న. క్రీస్తు లేచాడా లేదా అన్నది సత్యాన్ని గురించిన ప్రశ్న. మొదటి కొరింథీ 15వ అధ్యాయంలో పౌలు తన బోధనంతటినీ ఈ రెండవదానిపైనే నిలబెట్టాడు. ప్రయోజనం అనే నేలమీద మాత్రమే వాదిస్తే విశ్వాసం కూడా ఒక మందుబిళ్లలా మిగిలిపోతుంది.

(ఆ) సర్వే. 271 మంది ప్రముఖ పరిణామ శాస్త్రవేత్తలకు ప్రశ్నలు పంపగా 149 మంది జవాబిచ్చారు. వారిలో 78 శాతం మంది దేవునికి చోటులేని శుద్ధ ప్రకృతివాదులు. సంపూర్ణ ఆస్తికులు ఇద్దరే. ఈ అంకెలను విద్యార్థుల నుండి దాచవలసిన పని లేదు, వాటికి భయపడవలసిన పనీ లేదు. ఎందుకంటే అదే సర్వేలో 79 శాతం మంది మనిషికి స్వేచ్ఛాచిత్తం ఉందన్నారు. గ్రాఫిన్, ప్రొవైన్ దీనితో ఏకీభవించలేదు. ప్రకృతివాదంలో స్వేచ్ఛాచిత్తానికి చోటు లేదని వారి అభిప్రాయం.

ఇక్కడే వాదన చిక్కుపడింది. స్వేచ్ఛాచిత్తం విషయంలో ఈ శాస్త్రవేత్తల అధిక సంఖ్య పొరబడిందని అనగలిగితే, దేవుని విషయంలో అదే అధిక సంఖ్య సాక్ష్యంగా ఎలా చెల్లుతుంది? జీవుల చరిత్రలో వారు నిపుణులు. ఆ నైపుణ్యం తత్త్వవిచారానికి దానంతటదే బదిలీ కాదు. గ్రాఫిన్ సేకరించిన సమాచారమే దీనిని చూపుతున్నది.

(ఇ) శ్రమ, బాధ్యత. విషాదాన్ని గురించి గ్రాఫిన్ వ్రాసిన భాగం ‘అనార్కీ ఎవల్యూషన్’లో బలమైనది. జీవచరిత్రలో నాశనమైన జాతులను చూపి, ప్రతి విషాదం వెనుక ఒక ఉద్దేశం ఉందని తొందరపడి చెప్పరాదంటాడు. ఈ మాట మనకు తగులుతుంది. గనిలో పైకప్పు కూలి కార్మికుడు మరణిస్తే, సమాధి దగ్గరే అది దేవుని చిత్తమని తేల్చివేసే ప్రసంగం యోబు స్నేహితుల ప్రసంగమే.

అయితే ఆ ఉదాహరణే గ్రాఫిన్ వాదన హద్దునూ చూపుతుంది. రాయి ఎందుకు కూలిందో భూగర్భశాస్త్రం చెబుతుంది. సపోర్టులు సకాలంలో పెట్టారా, పెట్టకపోతే ఎవరు జవాబుదారీ, అతని భార్యాబిడ్డలను ఎందుకు విడువరాదు అనే ప్రశ్నలకు రాయిలో జవాబు లేదు. సహానుభూతి, సహజీవనం కూడా ప్రకృతిలో నుండే వచ్చాయని ఆయన అంటాడు. 2015లో వ్రాసిన ‘పాపులేషన్ వార్స్’లో పోటీకన్నా సహజీవనానికే ప్రాముఖ్యమిచ్చాడు. కాని సహానుభూతి ఎలా పుట్టిందో చెప్పడం ఒకటి, అది నాలో చల్లారిన రోజున కూడా నేనెందుకు దానికి లోబడాలో చెప్పడం మరొకటి. స్వేచ్ఛాచిత్తాన్ని కాదన్న తరువాత ఆ రెండవదానికి ఆధారం మరింత పలచబడుతుంది.

దేవుని నమ్మనివారు మేలు చేయలేరని దీని భావం కాదు. వృక్షశాస్త్ర అధ్యాపకుడైన గోరా (1902-1975) విజయవాడ నాస్తిక కేంద్రం ద్వారా కులవివక్షకు వ్యతిరేకంగా పనిచేశాడు. ఆయన కోడలు, మహాకవి జాషువా కుమార్తె అయిన హేమలతా లవణం జోగినీల విముక్తికై శ్రమించింది. దేవుని స్వరూపంలో సృజింపబడిన మానవునిలో ఇటువంటి మేలును చూచినప్పుడు మనం ఆశ్చర్యపడనక్కరలేదు, వాదించనక్కరలేదు.

5. బొగ్గు గనుల ప్రాంత సంఘాలకు

మన పాదాల క్రింద ఉన్న బొగ్గు 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన అరణ్యాల శేషం. గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు ఈ గోదావరి లోయ రాళ్లలో ఉన్నాయి. నాటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. గని కార్మికుల పిల్లలకు ఇవన్నీ అబద్ధమని చెప్పే కాపరి, వారు తమ తండ్రి పనినీ తమ విశ్వాసాన్నీ రెంటిలో ఒకటి ఎంచుకొనేలా చేస్తున్నాడు.

యోబు 28వ అధ్యాయం వారికి మరో మార్గం చూపుతుంది. అందులో మనుష్యుడు చీకటిని చీల్చి, జనసంచారం లేని చోట గని త్రవ్వి, త్రాళ్లకు వ్రేలాడి, దాగినదానిని వెలుగులోనికి తెస్తాడు. లేఖనం ఆ నేర్పును నిందించదు, ప్రశంసిస్తుంది. ఆ తరువాతనే జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంది. అగాధం అది తనలో లేదంటుంది, సముద్రం తన యొద్ద లేదంటుంది. గ్రాఫిన్ ఆ అధ్యాయంలోని మొదటి పదకొండు వచనాల మనిషి. నిజాయితీగా త్రవ్వాడు, విలువైనది బయటకు తెచ్చాడు. పన్నెండవ వచనంలోని ప్రశ్నకు కూడా ఆ గనిలోనే జవాబు ఉందనడమే ఆయన చేసిన పొరపాటు.

6. ముగింపు

వేదాంత కళాశాలల్లో విశ్వాస సమర్థన బోధించేటప్పుడు ప్రత్యర్థుల మాటలను మన పుస్తకాలలోని సంగ్రహాల ద్వారా చదివించే అలవాటుంది. అంతకన్నా గ్రాఫిన్, జోన్స్‌ల సంభాషణ గ్రంథాన్ని తరగతిలో ఉంచి, ఒక విద్యార్థి గ్రాఫిన్ పక్షాన, మరొకరు జోన్స్ పక్షాన మాట్లాడేలా చేయడం మేలు. సంఘంలోనైతే సైన్స్ చదివే పిల్లలకు నెలకొక సాయంకాలం కేటాయించి, వారి ప్రశ్నలు పూర్తయ్యేవరకు కాపరి ప్రసంగం ప్రారంభించకుండా ఉండగలిగితే చాలు.