ఇఖ్వానుస్సఫా విజ్ఞాన గోష్ఠి - ఒక పరిశీలన

హిజ్రీ నాలుగో శతాబ్దంలో, అంటే క్రీ.శ. పదో శతాబ్దంలో, ఇరాక్‌లోని బస్రా నగరంలో కొందరు విద్యావంతులు ఒక గోష్ఠిగా ఏర్పడ్డారు. తమను తాము 'ఇఖ్వానుస్సఫా' - నిర్మల సోదరులు - అని పిలుచుకున్నారు. నిర్ణీత సమయాల్లో సమావేశం కావాలి, బయటివారు అందులో ఉండరాదు, గణితం మొదలుకొని ఆత్మజ్ఞానం వరకు అన్నిటినీ చర్చించాలి - ఇదీ వారి నియమం. వారు వదలిన 52 లేఖల్లో గణిత శాస్త్రాలపై 14, ప్రకృతి శాస్త్రాలపై 17, ఆత్మ, బుద్ధుల గురించి 10, ధార్మిక విషయాలపై 11 ఉన్నాయి. రచయితలు తమ పేర్లు ప్రకటించుకోలేదు. వారికి ఇస్మాయీలీ వర్గంతో సంబంధం ఉన్నదని పలువురు పండితుల అభిప్రాయం.

ఈ గ్రంథం మన దేశానికి కొత్తది కాదు. మనిషి తమను బానిసలుగా చూస్తున్నాడని జంతువులు జిన్నుల రాజు ఎదుట ఫిర్యాదు చేసే కథ ఇందులోని 22వ లేఖలోనిదే. మౌల్వీ ఇక్రామ్ అలీ 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం దానిని ఉర్దూలోకి అనువదించారు. అరబీ మూలం 1887-89 మధ్య బొంబాయిలో అచ్చయింది. అయితే కథకు వచ్చిన ప్రచారం, ఆ గోష్ఠి తలకెత్తుకున్న అసలు ప్రశ్నకు రాలేదు. మానవ బుద్ధి ఆర్జించిన విజ్ఞానానికీ, అల్లాహ్ అవతరింపజేసిన వహీకీ సంబంధమేమిటి? ఇదే ఆ ప్రశ్న. నేటికీ ఇది మన ముందున్నది.

ముందుగా వారి సుగుణాలను ఒప్పుకోవాలి. ఏ శాస్త్రాన్నీ ద్వేషించరాదనీ, ఏ గ్రంథాన్నీ చదవకుండా తోసివేయరాదనీ వారు బోధించారు. భూమి గోళాకారమని వివరించారు. గాజు పనివాడు ఊదినప్పుడు గాజు అన్ని వైపులకూ ఉబ్బినట్లే శబ్దం గాలిలో అన్ని దిశలకూ వ్యాపిస్తుందని చెప్పారు. కష్టమైన విషయాన్ని సామాన్య చదువరికి అందించాలన్న తపన ప్రతి లేఖలోనూ కనిపిస్తుంది.

లోపం మరోచోట ఉన్నది. ఆ గోష్ఠిలోకి ప్రతి విద్యకూ ప్రవేశం దొరికింది గాని, ప్రవేశించినదానిని పరీక్షించే పద్ధతి దొరకలేదు. మూలకాలు నాలుగు, ఋతువులు నాలుగు, దిక్కులు నాలుగు, శరీరంలోని ధాతువులు నాలుగు. కనుక సృష్టికి నాలుగే ఆధారమన్నట్లు వారి వాదం సాగుతుంది. పోలిక కుదిరితే చాలు, రుజువు దొరికినట్లే భావించారు. జ్యోతిష ఫలితాలు కూడా ఈ తలుపు గుండానే లోపలికి వచ్చాయి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఖగోళ విషయంలో జరిగింది. గ్రీకు పండితుడు టాలమీ సంప్రదాయాన్ని అనుసరించి వారు తొమ్మిది ఆకాశ గోళాలను నమ్మారు. దివ్య ఖుర్ఆన్‌లో పేర్కొన్న కుర్సీ ఎనిమిదో గోళమనీ, అర్ష్ తొమ్మిదో గోళమనీ వ్యాఖ్యానించారు. ఆనాటి శ్రోతకు ఇది ఎంత తృప్తినిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. కాని 1543లో కోపర్నికస్ గ్రంథం వెలువడిన తరువాత ఆ గోళాల వ్యవస్థ క్రమంగా కూలిపోయింది. ఆయత్ చెక్కుచెదరలేదు; కూలిపోయింది వారి వ్యాఖ్యానం. వ్యాఖ్యానాన్నే ఆయత్‌గా భావించినవాడి విశ్వాసం మాత్రం దానితోపాటు కదలక తప్పదు.

ఆ కాలంలోనే దీనిపై హెచ్చరిక వినిపించింది. అబూ హయ్యాన్ తౌహీదీ ఈ లేఖల్లో కొన్నిటిని తన గురువు అబూ సులైమాన్ సిజిస్తానీకి చూపించాడు. సిజిస్తానీ తర్కశాస్త్రంలో ఆరితేరినవాడు. ఆయన వాటిని పరిశీలించి, ఇది వృథా ప్రయాస అని తేల్చాడు. వహీ అల్లాహ్ నుంచి వచ్చేది, తత్త్వచింతన మనిషి బుద్ధి నుంచి పుట్టేది, ఈ రెంటినీ ఒకే బట్టగా కుట్టలేరని ఆయన అభిప్రాయం. గోష్ఠి సభ్యుడొకడు దీనికి బదులుగా, షరీఅత్ రోగులకు మందు, తత్త్వశాస్త్రం ఆరోగ్యవంతులకు మందు అన్నాడని తౌహీదీ రాశాడు. సామరస్యం పేరుతో మొదలైన ప్రయత్నం చివరకు వహీని పామరుల పాలికి విడిచిపెట్టేదాకా వచ్చిందన్నమాట!

అలాగని విజ్ఞానానికి తలుపు మూయడం పరిష్కారమా? అదే బస్రాలో క్రీ.శ. 965 ప్రాంతంలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ మరో మార్గం చూపాడు. దృష్టి గురించి ప్రాచీనులు చెప్పినదానిని ఆయన ప్రయోగాలతో పరీక్షించాడు. వస్తువు నుంచి వెలుగు కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతున్నదని 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించాడు. టాలమీ మీద తన సందేహాలను ప్రత్యేక గ్రంథంగానే రాశాడు. పూర్వులపై గౌరవం వేరు, వారి మాటకు రుజువు అడగడం వేరు అని ఆయనకు తెలుసు. ఇఖ్వానుస్సఫాలో లోపించినది సరిగ్గా ఇదే.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) 'అల్ మున్ఖిజ్'లో ఈ లేఖలను ప్రస్తావించి రెండు ప్రమాదాలను ఎత్తిచూపారు. మంచి మాటలు కలిసి ఉన్నాయని మొత్తం మింగేయడం ఒకటి. చెడు కలిసి ఉన్నదని అందులోని సత్యాన్ని కూడా పారవేయడం రెండోది. నేర్పరి అయిన సరాఫు దొంగ నాణేల సంచిలో చేయిపెట్టి కూడా అసలు నాణేన్ని ఏరుకోగలడు. ఆ నేర్పు లేనివాడు ఆ సంచికి దూరంగా ఉండడం మేలు. గ్రహణాల లెక్కను కాదనడమే ధర్మసేవ అనుకునేవాడు ఇస్లామ్‌కు అజ్ఞాన మిత్రుడని కూడా ఇమామ్ గారు హెచ్చరించారు.

నేటి మన గోష్ఠులు ఈ గీటురాయి మీద తమను తాము పరీక్షించుకోవాలి. 1976లో మారిస్ బుకైల్ గ్రంథం వెలువడిన తరువాత, కొత్త సిద్ధాంతం ఏది వచ్చినా దానికో ఆయత్‌ను జతచేసే అలవాటు బాగా పెరిగింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఇఖ్వానుస్సఫా ఉద్దేశం కూడా చెడ్డదని అనలేము. కాని సిద్ధాంతం అన్నది మారడానికి సిద్ధంగా ఉండేది. మారేదానిని మారనిదానికి సాక్షిగా నిలబెడితే, సాక్షి మాట మార్చిన రోజున మన యువకునికి ఏం సమాధానం చెబుతాము?

ఆలోచించమని, పరిశీలించమని ఖుర్ఆన్ పదేపదే ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని పాటించే గోష్ఠులు ప్రతి ఊళ్లోనూ వెలయాలి. అయితే ప్రతి గోష్ఠిలోనూ ఒక సరాఫు కూడా ఉండాలి.