పాయింటు తర్వాతి అంకె

మా పల్నాడులో ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్లు మొదట "ఎంతయింది?" అంటారు, ఆ తర్వాత "కుట్లు మానాయా?" అంటారు. కుట్లు మానితే జబ్బు పోయినట్టే లెక్క. ప్రోస్టేట్ క్యాన్సర్ దగ్గర ఈ లెక్క చెల్లదు. గ్రంథి తీయించుకుని నరసరావుపేట తిరిగొచ్చాక నేను నేర్చుకున్న విద్యల్లా ఒక అంకెను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండడమే.

ముందు పైపు సంగతి. గ్రంథి తీశాక మూత్రాశయాన్ని, మూత్రనాళాన్ని కలిపి కుడతారు. ఆ అతుకు మానేదాకా, వారమో రెండు వారాలో, పైపూ సంచీ మోయాలి. అది తీసిన రోజు పండగే అనుకుంటాం. అసలు పని అప్పుడు మొదలవుతుంది. దగ్గితే చుక్క, తుమ్మితే చుక్క, కుర్చీలోంచి లేస్తే చుక్క. తెల్లపంచె కట్టేవాడికి ఇంతకంటే శిక్ష లేదు. కారంపూడిలో ఏటా వీరుల ఆయుధాలకి పూజ చేసే గడ్డ మరి, ఒంటేలు ఆగడం లేదని నోరు విప్పి చెప్పుకునే మగాళ్లు తక్కువ. తెలిసినవాళ్ల మందుల షాపు వదిలి డైపర్ల కోసం పక్క ఊరు పోతారు.

దీనికి ఒక వ్యాయామం ఉంది. ఒంటేలు మధ్యలో ఆపితే ఏ కండరాలు బిగుస్తాయో ఒక్కసారి గుర్తుపట్టి, ఆ తర్వాత ఊరికే కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు వాటిని బిగించి వదలాలి. రోజూ ఒంటేలు ఆపుతూ చేయకూడదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో కాన్పులైన ఆడవాళ్ల కోసం చెప్పిన కసరత్తు ఇది. చాలామందికి కొన్ని నెలల్లో అదుపు వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. ఆలుమగల సంగతికి ఇంకా ఓపిక కావాలి. 1982లో బాల్టిమోర్‌లో పాట్రిక్ వాల్ష్ నరాలు తెగకుండా గ్రంథిని తీసే పద్ధతి మొదలుపెట్టాడు. అలా నరాలు దక్కినా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు, అసలు రాకనూపోవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే మొగుడూపెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పే డాక్టరు దొరికితే అదృష్టమే.

ఇక అంకె. పీఎస్‌ఏ అనే ప్రొటీన్ దాదాపుగా ప్రోస్టేట్ కణాల్లోనే తయారవుతుంది. గ్రంథి పోయాక రక్తంలో అది రెండు మూడు రోజులకోసారి సగం సగం చొప్పున కరిగిపోతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి తొలి పరీక్ష చేస్తారు. మిల్లీలీటరుకి 0.1 నానోగ్రాము లోపు ఉండాలి. చిక్కేమిటంటే, గ్రంథి ఉన్నవాడికి ఇచ్చే రిపోర్టు కాగితమే లేనివాడికీ ఇస్తారు. 1.8 వచ్చినా పక్కన "నార్మల్ 0–4" అని అచ్చయి ఉంటుంది. అది చూసి, అమ్మయ్య అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. మనకి 4 కాదు హద్దు. 0.2కి చేరి, మళ్లీ చేసినా తగ్గకపోతే జబ్బు తిరగబెట్టిందని డాక్టర్లు అనుమానిస్తారు. అంకె ఇంకా చిన్నగా ఉన్నప్పుడే రేడియేషన్ ఇస్తే ఫలితం బాగుంటుంది. ఎముకల్లోకి పాకి నడుంనొప్పి మొదలయ్యేదాకా "నాకేం, బాగానే ఉన్నా" అనుకుంటే ఆ వీలు చేజారిపోతుంది.

ఈ పరీక్షను ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లందరికీ చేయడం మీద చాలా గొడవ నడిచింది. 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్‌ని గుర్తించిన రిచర్డ్ ఆబ్లినే 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని దుమ్మెత్తిపోశాడు. ఆయన కూడా చికిత్సయ్యాక కనిపెట్టి ఉండడానికి మాత్రం ఇది పనికొస్తుందన్నాడు. అమెరికా ప్రభుత్వం 1986లో దీనికి మొదట అనుమతిచ్చిందీ ఆ పనికే.

ఆపరేషన్‌కి గుంటూరో, మంగళగిరి ఎయిమ్సో, హైదరాబాద్ బసవతారకమో పోవాలి గానీ, రక్తం ఇవ్వడానికి అంత దూరం అక్కర్లేదు. పరగడుపున ఉండాల్సిన పని కూడా లేదు. మొదట్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఐదేళ్లు నిండేదాకా ఆర్నెల్లకోసారి, ఆపైన ఏడాదికోసారి చేయించుకోవడం మామూలు పద్ధతి. జబ్బు తీవ్రతను బట్టి డాక్టరు మార్చొచ్చు.

గురజాల వైపు రైతు ఒకాయన నాలాగే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు ఆర్నెల్ల వంతులో ఉన్నాడు. "మిరపకోతల్లో తేదీలెవరికి గుర్తుంటాయి మాస్టారూ?" అన్నాడు. తేదీలొద్దు, కోటప్పకొండ తిరునాళ్లకి ఒకటి, వినాయక చవితికి ఒకటి అనుకోమన్నాను. అది నచ్చింది. వాళ్లావిడ పాత రిపోర్టులన్నీ తీసి, తేదీ, ల్యాబు పేరు, అంకె వరసగా ఒకే కాగితం మీద రాసిచ్చింది. డాక్టరుకి అంత లావు ఫైలు కంటే ఆ ఒక్క కాగితమే ఎక్కువ పనికొస్తుంది. ఒకసారి 0.03, తర్వాత 0.04 వచ్చిందని ఆయనకి నిద్ర పట్టలేదు. అంత చిన్న తేడా మిషన్‌ది కూడా కావచ్చు, వరసగా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలని డాక్టరు చెప్పాడు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. కొత్త ల్యాబు పెట్టారట, రేటు తక్కువట, అక్కడ ఇవ్వనా అని. ఒక్కో ల్యాబులో ఒక్కో రకం మిషన్, అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. ఎప్పుడూ ఇచ్చేచోటే ఇవ్వమన్నాను.