వేటకు పోయినవారు: షా లతీఫ్ కవితలో ఎడారి తీరపు సముద్రం

సింధీ మహాకవి షా అబ్దుల్ లతీఫ్ (1689–1752) పేరు వినగానే మనకు సూఫీ వేదాంతం స్ఫురించడం సహజం. ఆయన కవితల సంపుటమైన ‘షా జో రిసాలో’ను ‘సుర్’లనే భాగాలుగా కూర్చినారు. ఎడారిని, కొండలను కాలినడకన దాటిన సస్సుయీ, రాజు కోటలో బందీయై కూడ తన పల్లెను మరువని మారుయీ తెలుగు పాఠకులలో కొందరికైనా పరిచితలే. ‘సుర్ ఘాతు’ మాత్రం మన దృష్టికి అంతగా రాలేదు. ఇది చిన్న భాగం. ఇందులో రాకుమారులు లేరు, ప్రేమకథ లేదు. సముద్రం మీదికి పోయి తిరిగి రాని బెస్తవారున్నారు.

ఈ కవితకు వెనుక ఉన్న జానపద కథ సింధులో అందరెరిగినది. సోన్‌మియానీ తీరాన ఓభాయో అనువానికి ఏడుగురు కొడుకులు. ఆరుగురు చేపల వేటకు పోయి కొలాచి సుడిగుండంలో మహామత్స్యానికి ఆహారమైనారు. ఏడవవాడు మోరిరో అవిటివాడు, ఇంటిపట్టున ఉండినవాడు. అతడు చుట్టూ వాడి మొనలు గల పంజరం చేయించి, దానికి మోకులు కట్టించి, తాను అందులో కూర్చుండి సుడిలోనికి దిగినాడు. చేప పంజరాన్ని మ్రింగగా మొనలు గొంతులో దిగబడినవి. ఒడ్డున ఉన్నవారు మోకులు లాగి చేపను గట్టున వేసినారు. మోరిరో దాని కడుపు చీల్చి అన్నల ఎముకలు తీసి పాతిపెట్టినాడని చెప్పుకొందురు. కరాచీలో గుల్బాయి ప్రాంతాన వారి సమాధులను నేటికీ చూపుదురు.

షా ఈ కథను మొదటినుండి చెప్పడు. శ్రోతకు కథ తెలియునని నమ్మి, దుఃఖం దగ్గర మొదలుపెట్టుట ఆయన పద్ధతి. మోరిరో సాహసం కంటె, వేటగాండ్రు రాకపోవుటవలన ఒడ్డున ఏర్పడిన వెలితి ఈ కవితకు ప్రాణం. చేపలు కోసి అమ్మిన తావులు ఇప్పుడు బోసిపోయినవి. అక్కడ నీచు వాసన కూడ లేదు. మనం ముక్కు మూసుకొనే వాసనయే ఆ పల్లెలో జీవకళకు గుర్తు. అది పోయినదని చెప్పుటలో ఉన్న శోకం ఎంత పెద్ద విలాపంలోనూ లేదని నా అభిప్రాయం.

ఈ శోకం లోతు తెలియవలెనన్న ఆ తీరం ఎటువంటిదో తెలియవలెను. కరాచీలో ఏడాది పొడుగునా కురియు వాన సుమారు 200 మిల్లీమీటర్లు. పడమట బలూచీల రాతినేల, తూర్పున సింధునది ముఖద్వారాలు, అవి దాటిన తరువాత కచ్ఛ్ ఉప్పునేల. పైరుకు ఆధారం లేనిచోట సముద్రమే పొలం. ఆ సముద్రం మాత్రం ఎడారి కాదు. నైరుతి గాలులు అడుగునీటిని కదిపి పైకి తెచ్చుటవలన అక్కడ చేపలకు మేత పుష్కలం. మడ అడవులలో రొయ్యపిల్లలు పెరుగును. హాక్స్‌బే, శాండ్స్‌పిట్ ఇసుకలో పచ్చతాబేళ్లు గ్రుడ్లు పెట్టును. కచ్ఛ్‌లో ఖారాయీ ఒంటెలు ఉప్పునీట ఈదుకొంటూ పోయి మడ ఆకులు మేయును. చేపలను పెంచు ఆ గాలులే వేసవి చివర సముద్రాన్ని పడవలకు అందకుండ చేయును. అన్నం పెట్టునదీ ప్రాణం తీయునదీ ఒక్కటే.

అనువాదకుని కష్టం ఇక్కడ మొదలగును. నేను హిందీ మార్గాన ఈ కావ్యాన్ని సమీపించినందున మొదట పొరపడితిని. కథలోని జీవిని సింధీలో ‘మాంగర్ మచ్’ అందురు. హిందీ చెవికి అది ‘మగర్‌మచ్ఛ్’, అనగా మొసలి. మొసలి అని వ్రాసినచో మహాసముద్రం చెరువుగా మారిపోవును. తిమింగిలమన్నచో పురాణం వైపు జరుగును. సొర అన్నచో మన బెస్తవానికి తెలిసిన భయం వచ్చును. కాని కథలోని ఆకారానికి ఆ మాట చిన్నది.

పేరులో ఎంత బలమున్నదో ఆ పొరుగు తీరమే చూపినది. కచ్ఛ్‌కు దక్షిణాన సౌరాష్ట్రలో తిమింగిల సొరను ఏళ్లతరబడి చంపినారు. దాని కాలేయపు నూనెను కొయ్యపడవలకు నీరు పట్టకుండ పూసెడివారు. పన్నెండు మీటర్ల వరకు పెరుగు ఆ జీవి మనిషి జోలికి రాదు. నీటిలోని సూక్ష్మజీవులను, చిరుచేపలను వడగట్టి తినును. 2001లో చట్టం దానికి రక్షణ కల్పించినది. 2004లో మొదలైన ప్రచారంలో కథావాచకులు మొరారి బాపు దానిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుతో పోల్చినారు. ‘వ్హాలీ’, అనగా ప్రియమైనది, అను పేరు దానికి స్థిరపడినది. ఆ తరువాత వలలో చిక్కిన సొరను విడుచుటకు జాలరులు తమ వలలనే కోసినారు. మాట మారగా చేయి ఆగినది.

‘ఘాతు’ అను మాట ఇంకను ముఖ్యమైనది. అది చంపువాడు, వేటగాడు అను అర్థాన్ని తనలో దాచుకొన్న పేరు. హిందీలో ‘మఛుఆ’ అన్నచో వృత్తి తెలియును, ‘ఘాతం’ పోవును. తెలుగుకు ఇక్కడ ఒక అదృష్టమున్నది. మన తీరంలో చేపలు పట్టుటకు పోవుటను ‘వేటకు పోవుట’ అనియే అందురు. వేటకు పోయినవాడు తానే వేటయైనాడన్న విపర్యాసం, ఏ అలంకారమూ చేర్చకయే తెలుగులో దానంతటదే పలుకును.

ఇట్టి మాట చేతిలో ఉండగా, మనం వేదాంత పదజాలం వైపు పోవుదుము. సముద్రం సంసారమనియు, మత్స్యం మృత్యువు లేక అహంకారమనియు వ్యాఖ్యాతలు చెప్పినది తప్పు కాదు, కవి సూఫీయే. కాని ‘భవసాగరం’ అను సిద్ధపదం తెలుగు అనువాదకుని కలం మొనన ఎప్పుడూ వ్రేలాడుచుండును. ఆ రూపకంలో సముద్రం దాటవలసినది. ఘాతులకు అది దాటవలసినది కాదు. లోనికి పోయి, బుట్ట నింపుకొని, సాయంకాలానికి ఇంటికి రావలసినది. వారి ఆవలిగట్టు వారు బయలుదేరిన గట్టే. ఆ తిరిగిరాకను తీసివేసి మోక్షం పెట్టినచో, మునిగినవారిని మరల ముంచినట్లగును. మొదట మనుష్యులు నిలువవలెను. తత్త్వం తరువాత తానే వచ్చును.

ఇది పండితుల తర్కం మాత్రమే కాదు. 2018 నవంబరులో వేరావల్ నుండి వేటకు పోయిన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్తాన్ అధికారులకు చిక్కి కరాచీ చెరసాలలో ఉండిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చినారు. సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల జలసరిహద్దు నేటికీ తెగలేదు. అటు జాలరులు ఇటు, ఇటు జాలరులు అటు పట్టుబడుచున్నారు. కొలాచికి పోయినవారు ఎందుకు రాలేదని శ్రీకాకుళం ఇసుకలో నిలిచి అడిగిన స్త్రీలకు షా లతీఫ్ పేరు తెలియదు. ఆయన వ్రాసిన ఒడ్డు మాత్రం వారు నిలిచిన ఒడ్డే.

కాబట్టి ‘సుర్ ఘాతు’ను తెనిగించబూనువారికి నా మనవి ఒక్కటే. నిఘంటువు తెరచుటకు ముందు భీమిలికో, కళింగపట్నానికో పోయి, పడవ రాక ఆలస్యమైన సాయంకాలం అక్కడివారు ఏమందురో వినవలెను. ఈ కవితకు కావలసిన తెలుగు అక్కడ ఉన్నది.